తాడ్వాయి అడవి వేళ్లు బయటపడ్డ సాయంత్రం

2024 ఆగస్టు 31, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కళింగపట్నం వైపు కదులుతోంది. కొత్తగూడ, గంగారం మండలాల అడవి మీద తెరిపి లేని వాన. ఆ అడవికి ఈశాన్యాన, ఏటూరునాగారం అభయారణ్యంలో, తాడ్వాయికీ మేడారానికీ నడుమ పొద్దుగూకే వేళకు గాలి హోరెత్తింది. గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగం. మాను మీద మాను ఒరిగింది. పడే చెట్టు పక్క చెట్టునూ లాక్కుపోయింది.

తెల్లవారాక అందరి దృష్టీ వరద మీదే. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. అటవీ సిబ్బంది లోపలికి వెళ్లి, డ్రోన్లు ఎగరేసి చూసేసరికి దాదాపు 200 హెక్టార్ల అడవి నేలమీద పడుంది. కూలిన చెట్లు యాభై వేలకు పైమాటేనన్నారు. ఆ గాలి నుంచి ఊళ్లు బతికిపోయాయి. స్థానిక ఎమ్మెల్యే, మంత్రి సీతక్క వచ్చి చూశారు. కారణం తేల్చేందుకు వాతావరణ శాఖ సాయం, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయం కోరారు.

ఎన్నో చెట్లు వేళ్లతో సహా పెకలివచ్చాయి. పైమట్టి సారవంతం కాబట్టి వేళ్లు లోతుకు దిగక పక్కలకు పాకాయని అధికారుల తొలి అంచనా. సబబైన మాటే. కానీ అక్కడితో ఆగితే అడవికి అన్యాయం చేసినట్టే. ఆ వేళ్లు అంతకు ముందు పదమూడు నెలల్లో ఏమేం ఓర్చుకున్నాయో చూడండి. 2023 జూలై 27 ఉదయానికి ఇరవై నాలుగు గంటల్లో ఇదే ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణ లెక్కల్లో అంతటి వాన లేదు. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి దేశం చూసిన ఆగస్టుల్లోకెల్లా పొడిది. తర్వాత ఎండాకాలం. ఆపైన మళ్లీ ముంపు.

వేరుకూ గాలి కావాలి. నేల నీటితో నిండిపోతే ఆక్సిజన్ అందక సన్నని పీచువేళ్లు చచ్చిపోతాయి. వాన ముఖం చాటేస్తే ఆకులు తమ రంధ్రాలు మూసుకుంటాయి, చెట్టు తిండి తయారుచేసుకోవడం తగ్గుతుంది, తెగులును ఎదుర్కొనే రసాయనాలకు చాలినంత సరుకుండదు. వేరుకుళ్లు శిలీంధ్రాలకు కావలసిన అదను అదే. గానోడెర్మా అలాంటిది. ఏళ్ల తరబడి వేరులోపలే కట్టెను తింటుంది. బయట చెట్టు మొదలు దగ్గర, వార్నిష్ పూసినట్టు మెరిసే గట్టి పుట్టగొడుగు కనబడేసరికి లోపలి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. పైన ఆకు పచ్చగానే ఉండొచ్చు, కింద పట్టు పోతుంది. మన అడవుల్లోని చండ్రకు ఇది పాత శత్రువు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో బి.కె. బక్షి దశాబ్దాల కిందటే ఇలాంటి వేరుకుళ్లను పరిశీలించారు.

తాడ్వాయి చెట్లను శిలీంధ్రం కూల్చిందని నేననడం లేదు. కూల్చింది గాలి. నా భయం ఆ తర్వాతి సంగతి గురించి. పడిన చెట్ల మొదళ్లు, మట్టిలో తెగి మిగిలిన వేళ్లు శిలీంధ్రానికి ఏళ్లకు సరిపడా మేత. చుట్టూ నిలబడ్డ చెట్లలో ఎన్నింటికో ఊగిసలాటలో వేళ్లు చిట్లే ఉంటాయి. ఆ గాయాలే లోపలికి దారి. వేరుకు వేరు తగిలిన చోట తెగులు ఒక చెట్టు నుంచి ఇంకోదానికి పాకుతుంది. మళ్లీ ఒక కుండపోత, మళ్లీ ఒక బెట్ట వస్తే నిలిచినవాటి బలమెంత?

కోనసీమ కొబ్బరి రైతుకు గానోడెర్మా కొత్త కాదు. తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తవ్వి పక్క చెట్లను కాపాడుకుంటాడు, అంబాజీపేట పరిశోధన కేంద్రం చెప్పిన ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని ఎరువుతో కలిపి వేస్తాడు. అడవిలో చెట్టు చెట్టుకూ కందకం తవ్వలేం. చేయగలిగింది వేరే ఉంది. గాలివానకు చెట్టు కూలినప్పుడల్లా కట్టె కొలతతో పాటు వేరు కూడా కోసి చూడాలి. లోపల తెల్లగా మెత్తబడిందా, గట్టిగా ఉందా అన్నది రాసిపెట్టాలి. అంచున నిలిచిన చెట్ల మొదళ్లను ఏటా వానలు వెనక్కి తగ్గాక ఒక్కసారి తిరిగి చూడాలి. తాడ్వాయి నుంచి కొత్తగూడ, పాకాల అడవుల దాకా ఆ పని చేయడానికి ఉపగ్రహం అక్కర్లేదు. అడవి తెలిసిన కోయ యువకులూ, ఒక గొడ్డలీ, ఒక నోటుపుస్తకం చాలు.