రంపపుటీగల వర్గీకరణము: జన్యుసాక్ష్యము

చీమలు, తేనెటీగలు, కందిరీగలు చేరిన హైమెనోప్టెరా క్రమమునందే సన్నని నడుము లేక, ఱొమ్మును ఉదరమును ఒకే వెడల్పున కలిసియుండు కీటకములు కొన్ని గలవు. వీటిలో ప్రధానమైనవి రంపపుటీగలు. ఆడు పురుగు తన ఉదరాగ్రమున నున్న పండ్లుగల అవయవముతో ఆకును గాని లేతకొమ్మను గాని కోసి, ఆ చీలికలో గ్రుడ్లు పెట్టును. ఆకులు తిను డింభకములు చూపునకు గొంగళిపురుగులే; అయినను తల కొక్కొక ప్రక్కను ఒక్కొక్క కన్నే యుండుటయు, ఉదరము క్రింది పొట్టికాళ్ల జతలు అయిదింటికి మించి యుండుటయు వీటి గుఱుతులు. సన్ననడుము లేని హైమెనోప్టెరాలో నేటికి ఎనిమిదివేలకు పైగా జాతులు వర్ణింపబడినవి.

లిన్నేయసు 1758లో రంపపుటీగలకు టెంత్రెడో అను ప్రజాతి నేర్పఱచెను. 1867లో జర్మను శాస్త్రజ్ఞుడు గెర్‌స్టెకర్ ఈ క్రమమును నడుమునుబట్టి రెండుగా విభజించి, సన్ననడుము లేనివానిని సింఫైటా యనియు, ఉన్నవానిని అపోక్రిటా యనియు వ్యవహరించెను. విభజన సులభము, కంటికి విస్పష్టము. కనుకనే శతాబ్దమునకు మించి పాఠ్యగ్రంథములందు నిలిచినది. కాని ఒక లక్షణము లేకపోవుట బంధుత్వమునకు సాక్ష్యము కానేరదు. ఏలయన, సన్ననడుము లేమి ఈ క్రమమునకంతకును మూలపురుషులనుండి వచ్చిన పురాతనస్థితియే గాని, సింఫైటా తాను ప్రత్యేకముగ ఆర్జించినది గాదు. శిలాజములను జీవించియున్న జాతులను కలిపి పరిశీలించిన రష్యను పండితుడు రస్నిత్సిన్ 1988లో ఒరుసిడే కుటుంబమును తక్కిన రంపపుటీగలనుండి విడదీసి, సన్ననడుము గలవానితో జతచేసి, ఆ రెంటికిని వెస్పినా యని పేరిడెను. ఒరుసిడే డింభకములు ఆకులు తినునవి కావు. కొయ్యలో దాగిన యితర కీటకముల పిల్లలను తిని పెరుగు పరాన్నభుక్కులు. కాబట్టి ఆ చేర్పు అసంగతముగ దోపలేదు. అయినను అవయవసామ్యముపైననే ఆధారపడిన వాదము గనుక, వేఱొక సాక్షి యవసరమయ్యెను.

ఆ సాక్షి జన్యువుల రూపమున వచ్చినది. 1994లో డౌటన్, ఆస్టిన్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు మైటోకాండ్రియాలోని ఒక రైబోసోము జన్యువును చదివి, సన్ననడుము గల వంశముల బంధుత్వములను నిర్ణయింప యత్నించిరి. 2002లో షుల్‌మైస్టర్, వీలర్, కార్పెంటర్ అనువారు అవయవలక్షణములను జన్యువులను ఒకే గణనయందు చేర్చి, కాండపు రంపపుటీగలును, కొయ్యతొలుచు కుటుంబములును, వెస్పినాయును ఒకే శాఖకు చెందినవని నిర్ణయించి, దానికి యూనికాల్కరిడా యని పేరుపెట్టిరి; ముందుకాలి జంఘ చివర ఒక్కటే ముల్లుండుట ఆ శాఖ లక్షణము.

పిమ్మట ఒకటి రెండు జన్యువులకు బదులు వేలకొలది జన్యువులను ఒక్కపెట్టున చదువుట సాధ్యమయ్యెను. 1,478 జన్యువులతో 2014లో వెలువడిన కీటకవంశవృక్షము, రూపాంతరము సంపూర్ణముగ జరుగు కీటకములలో తక్కిన క్రమము లన్నింటికిని సమాంతరముగ హైమెనోప్టెరాయే తొలుత చీలిపోయినదని నిరూపించినది. 2017లో పీటర్స్ మొదలగువారు 173 జాతులనుండి 3,256 జన్యువులను పరిశీలించి, ఈ క్రమము సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందట పుట్టినదని గణించిరి. పరాన్నభుక్త్వము ఒక్కసారియే, వెస్పినా మూలమున, ఉద్భవించినదన్న రస్నిత్సిన్ వర్గీకరణపు సారము ఇందు నిలిచినది. మఱియొక విషయమున మాత్రము పాత యభిప్రాయము కదలినది: తక్కిన వన్నింటికిని ముందు చీలినదని యెంచబడు జైలిడే కుటుంబము ఈ వృక్షమున నిజమైన రంపపుటీగలతోనే యొక శాఖయందు చేరినది.

ఇంతమాత్రమున జన్యువు చెప్పినదెల్ల వేదవాక్యమని భ్రమింపరాదు. జాతులను గుర్తించుటకు మైటోకాండ్రియాలోని ఒక చిన్న జన్యుఖండమును చదువు పద్ధతి 2003 తరువాత విస్తారముగ వాడుకలోనికి వచ్చినది; రంపపుటీగలయందు దాని లోపము బయటపడినది. పైను చెట్లపై బ్రతుకు నియోడిప్రియాన్ ప్రజాతిని పరిశోధించి లిన్నెన్, ఫారెల్ అనువారు 2007లో ప్రకటించిన దానిని బట్టి, మైటోకాండ్రియా చూపిన వంశవృక్షమునకును కేంద్రకజన్యువులు చూపిన వంశవృక్షమునకును పొసగలేదు. మైటోకాండ్రియా తల్లినుండియే సంక్రమించును. రెండు జాతులు అరుదుగనైనను సంకరమైనచో ఒకదాని మైటోకాండ్రియా వేఱొకదానిలో ప్రవేశించి స్థిరపడవచ్చును, కేంద్రకజన్యువులు మాత్రము తమ జాతినే చాటుచుండును. ఇంటిపేరునుబట్టి మాత్రమే వంశము నిర్ణయించువాడు దత్తతను గుర్తింపలేనట్లు, ఒక్క జన్యుఖండమును నమ్మినవాడు ఇచ్చట మోసపోవును. ఎంప్రియా ప్రజాతియందును ఇట్టి వైరుధ్యమే కనబడినది.

కుటుంబములయందును ప్రజాతులయందును మార్పులింకను జరుగుచునే యున్నవి. 2014లో నెమాటినే ఉపకుటుంబమును సవరించినప్పుడు పెక్కు ప్రజాతులు యూరా యను ఒక్క దానిలో విలీనము చేయబడినవి. 2015లో హెప్టమెలస్, దాని దాయాదులు వేఱు కుటుంబముగ పరిగణింపబడినవి. మన దేశమున ఆవపైరును ముల్లంగిని నల్లని డింభకములతో పాడుచేయు అథాలియా ప్రాక్సిమాను వ్యవసాయగ్రంథములు టెంత్రెడినిడే కుటుంబమునందు చూపుచున్నవి. ఇటీవలి జన్యుపరిశోధకులు కొందఱు అథాలియా ప్రజాతిని అచ్చటినుండి తొలగించి, అథాలిడే యను ప్రత్యేక కుటుంబమున నుంచుచున్నారు.