నీకు డబ్బు ఎవరిస్తారు?

ఇంటాయన రిటైరవుతున్నారంటే చాలు, మా నాయుడుపేటలో ఎవరో ఒకరు వచ్చి "మనకు బాగా తెలిసినవాడున్నాడు, మంచి స్కీములు చెబుతాడు" అంటారు. తెలిసినవాడే కదా అని మనమూ తలూపుతాం.

అగ్రిగోల్డ్ గుర్తుందా? 1995లో విజయవాడలో మొదలైంది. స్థలాలిస్తాం, లేదా ఎక్కువ డబ్బిస్తాం అని సుమారు 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా కట్టించుకుంది. 2015 వచ్చేసరికి చెల్లింపులు ఆగిపోయాయి. 10 వేల లోపు కట్టినవాళ్లకు 2019లో, 20 వేల లోపు వాళ్లకు 2021లో ప్రభుత్వమే తన డబ్బు ఇవ్వాల్సి వచ్చింది.

కట్టించిన ఏజెంట్లు చాలాచోట్ల పక్కింటివాళ్లు, చుట్టాలే. అందరూ మోసగాళ్లు కారు, తమ డబ్బూ అందులోనే పెట్టి మునిగినవాళ్లున్నారు. కానీ వాళ్లకు కమీషన్ ఇచ్చింది కంపెనీ. మంచితనం వేరు, లెక్క వేరు.

2013లో సెబీ పెట్టుబడి సలహాదారులకు నిబంధనలు తెచ్చింది. రిజిస్టరైన సలహాదారు ఫీజు మన దగ్గరే తీసుకోవాలి, మనకిచ్చిన సలహా మీద కంపెనీ కమీషన్ తినకూడదు. అతని నంబరు 'ఐఎన్ఏ'తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు.

ఈసారి తెలిసినవాడొస్తే కాఫీ ఇవ్వండి. సంతకం పెట్టేముందు మాత్రం అడగండి: "నీకు డబ్బు ఎవరిస్తారు నాయనా?"