కంప్యూటర్ అంటే ఒకప్పుడు మనిషి

కంప్యూటర్ అనగానే ఈనాడు మనకు ఒక యంత్రం కళ్ళముందు మెదులుతుంది. కాని 1940ల దాకా అమెరికాలో ఆ మాటకు అర్థం లెక్కలు కట్టే మనిషి అని. ఆ ఉద్యోగంలో ఎందరో ఆడవాళ్ళు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగి గుండు ఎంత దూరం పోయి పడుతుందో లెక్కగట్టి పట్టికలు వేసింది వాళ్ళే.

1946లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. సుమారు 18,000 వాల్వులు, 30 టన్నుల బరువు! పత్రికలవాళ్ళు దాన్ని 'మహా మెదడు' అన్నారు. నిజానికి ఏ లెక్క ఎలా చెయ్యాలో, తీగలు మార్చి, మీటలు తిప్పి దానికి నేర్పింది ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు చాలా ఏళ్ళదాకా ఎవరూ తలచుకోలేదు.

జనం మనసులో మాత్రం మెదడన్న మాటే నిలిచిపోయింది. 1980లలో మన దేశంలో రైలు రిజర్వేషన్ కౌంటర్లలోకి కంప్యూటర్ వచ్చింది. అది ఏం చెబితే అదే వేదవాక్కు. "కంప్యూటర్ తప్పు చెయ్యదండీ" అంటే ఇక మారు మాట్లాడేవాళ్ళం కాదు. 2002లో రైలు టికెట్లు ఇంటర్నెట్‌లోనూ ఇవ్వసాగారు. ఇప్పుడా యంత్రమే సెల్‌ఫోనై మన చేతిలోకి వచ్చేసింది. భయం పోయింది, మంచిదే. కాని దాని వెనక మనుషులున్నారన్న సంగతి కూడా మరుపున పడిపోయింది.

ఓటీపీ చెప్పమన్నా, క్షణంలో అప్పిస్తామన్నా, ఆ మాట యంత్రం చేత అనిపించేది ఎవరో ఒక మనిషే. గడప దాకా వచ్చిన కొత్తవాణ్ణి "ఎవరు బాబూ, ఏం పని?" అని అడగమూ? తెరమీద కనబడే మాటనూ అలాగే అడగండి. జవాబు తెలిశాకే మీట నొక్కండి.