పేరులేని యజమాని

బేనామీ పారశీకం నుండి మనకు వచ్చిన మాట. పేరులేనిది అని దాని అర్థం. ఒకరి సొమ్ముతో మరొకరి పేర ఆస్తి కొనుట భారతదేశంలో ఎప్పుడు మొదలయినదో చెప్పలేము గాని, ఇంగ్లీషు న్యాయస్థానాలు ఏర్పడునాటికే అది హిందువులలోను ముస్లిములలోను వేళ్లూనిన ఆచారం. గోపీకృష్ణ గోసాయి వ్యాజ్యంలో 1854లో ప్రీవీ కౌన్సిల్ ఈ ఆచారాన్ని గుర్తించినది. తండ్రి తన సొమ్ముతో కొడుకు పేర ఆస్తి కొంటే, ఇంగ్లండులో దానిని కొడుకుకు ఇచ్చిన కానుకగా ఎంచుతారు. భారతదేశంలో అట్లా ఎంచరాదనీ, సొమ్ము ఎవరిదో ఆస్తి వారిదేననీ ఆ తీర్పు సారాంశం.

ఈ దాపరికానికి కారణాలన్నీ చెడ్డవి కావు. దాయాదుల తగాదాలు, అధికారుల కన్ను, అప్పులవారి ఒత్తిడి, ఒక్కొక్కప్పుడు ఫలానా పేరు కలిసి వస్తుందన్న నమ్మకం కూడా అందుకు హేతువులైనవి. ఆదాయపు పన్ను ఎగవేయుట మాత్రం తొలినాళ్లలో కారణం కాజాలదు. అప్పటికి ఆ పన్నే లేదు. 1857 తిరుగుబాటును అణచుటకు అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ కాగా, 1860లో జేమ్స్ విల్సన్ దానిని ప్రవేశపెట్టినాడు. ఆనాటి నుండి, ఈ ఆస్తి ఎవరిది అన్న ప్రశ్న వెంట దీనిపై పన్ను ఎవరు కట్టాలి అన్న ప్రశ్న కూడా నడవసాగినది.

బేనామీదారులో ఒక లోపమున్నది. అతడు మనిషి. మనసు మారవచ్చును, మరణించవచ్చును, వారసులు అడ్డం తిరుగవచ్చును. ఈ లోపం లేని కొత్త బేనామీదారును కంపెనీల చట్టం సృష్టించినది. లండనులో ఆరన్ సాలమన్ అనే చెప్పుల వ్యాపారి తన దుకాణాన్ని కంపెనీగా మార్చినాడు. 20,007 వాటాలలో 20,001 అతనివే. మిగిలిన ఆరు భార్యాబిడ్డలవి. కంపెనీ దివాలా తీసినప్పుడు అప్పులవారు సాలమన్‌ను పట్టుకోబోగా, కంపెనీ వేరు, సాలమన్ వేరు అని ప్రభువుల సభ తీర్పు చెప్పినది. 1897 నాటి న్యాయ నివేదికలకెక్కిన ఆ తీర్పు నేటికీ కంపెనీ చట్టానికి పునాది.

ఆ పునాదిపై లేచిన కట్టడాన్ని భారతీయులు త్వరలోనే వాడుకున్నారు. బొంబాయిలో సర్ దిన్షా మానెక్‌జీ పెటిట్ నాలుగు కంపెనీలు స్థాపించి తన వాటాలను వాటికి అప్పగించినాడు. వచ్చే లాభాంశాలు కంపెనీల ఖాతాలో పడి, అప్పుల రూపంలో మళ్లీ ఆయన చేతికే చేరేవి. 1927లో బొంబాయి హైకోర్టు ఆ ముసుగు తొలగించి, ఈ కంపెనీలంటే పెటిట్ గారేనని తేల్చినది. ముసుగు, యజమాని, పన్నుల అధికారి ఒకే ఊరిలో ఉన్నారు కనుక అది సాధ్యమైనది. కంపెనీని సముద్రానికి ఆవల స్థాపిస్తే ఏమగును?

ఆ ప్రశ్నకు దారి తెరచినవి ఇంగ్లండు న్యాయస్థానాలే. 1876లో ఒక కలకత్తా జనపనార మిల్లు వ్యాజ్యం వచ్చినది. మిల్లు బెంగాలులో, లాభం బెంగాలులో. డైరెక్టర్ల సమావేశాలు మాత్రం లండనులో. కంపెనీని నడిపించే మెదడు ఎక్కడో కంపెనీ నివాసం అక్కడే కనుక పన్ను ఇంగ్లండుకు చెల్లవలెనన్నారు. 1929లో అదే సూత్రం ఎదురుతిరిగినది. ఈజిప్టు భూములతో వ్యాపారం చేసే ఒక కంపెనీ లండనులో నమోదైనది గాని, దాని పెత్తనం కైరోలో సాగేది. అది ఇంగ్లండు నివాసి కాదని ప్రభువుల సభ నిర్ణయించినది. నమోదైన చోటు వేరు, పన్ను కట్టవలసిన చోటు వేరు కావచ్చునని లోకానికి తెలిసినది. చిన్న దీవులకు ఇదొక బ్రతుకుతెరువు అయినది.

భారతదేశం విషయంలో ఆ దీవి మారిషస్. దాని రేవు పట్టణం పోర్ట్ లూయీకి భారతీయులు కొత్తవారు కారు. 1834 నుండి సుమారు నాలుగున్నర లక్షలమంది చెరకు తోటల కూలీలుగా అక్కడ దిగినారు. కోరంగి తీరం నుండి వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. దిగిన ప్రతివానికి ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది గుర్తులు పుస్తకాలకెక్కినవి. తరువాత ఛాయాచిత్రాలు కూడా చేరినవి. ఆ పుస్తకాలు నేటికీ ఆ దీవిలో భద్రంగా ఉన్నవి.

1968లో స్వతంత్రమైన ఆ దేశంతో భారతదేశం 1982లో ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం చేసుకున్నది. ఒకే ఆదాయంపై రెండు దేశాలు పన్ను వేయకుండుట దాని ఉద్దేశం. వాటాల అమ్మకంపై వచ్చే లాభానికి అమ్మినవారి దేశమే పన్ను వేయవలెనని అందులో ఒక నిబంధన. మారిషస్‌లో ఆ లాభంపై పన్నే లేదు. అందువలన రెండు పన్నులు తప్పించబోయిన ఒప్పందం ఒక్క పన్ను కూడా లేకుండా చేసినది. 1992లో మారిషస్ విదేశీ వ్యాపార సంస్థల కోసం ప్రత్యేక చట్టం చేసినది. పోర్ట్ లూయీలో కొద్దిపాటి కార్యాలయాలే వందలాది కంపెనీలకు చిరునామా అయినవి.

వాటి యజమానులెవరు? 2000లో ప్రత్యక్ష పన్నుల కేంద్ర మండలి ఒక ఉత్తరువు జారీ చేసినది. మారిషస్ అధికారులు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఉంటే చాలు. కంపెనీ అక్కడిదేననుటకు, ఆదాయానికి నిజమైన హక్కుదారు అదేననుటకు అది తగిన సాక్ష్యం. కూలీని అడిగిన తండ్రి పేరు, ఊరు పెట్టుబడిని ఎవరూ అడుగలేదు. 2000 నుండి 2011 వరకు భారతదేశానికి వచ్చిన ప్రత్యక్ష విదేశీ పెట్టుబడిలో నూటికి 40కి మించి ఆ చిన్న దీవి మీదుగానే వచ్చినదని 2012లో ఆర్థిక శాఖ తన శ్వేతపత్రంలో ఒప్పుకున్నది. అందులో కొంత ఇక్కడి నుండి వెళ్లి వేషం మార్చి తిరిగివచ్చిన సొమ్మే కావచ్చునన్న అనుమానాన్నీ దాచలేదు.

ఆ ఉత్తరువును ఢిల్లీ హైకోర్టు కొట్టివేయగా, 2003లో సుప్రీం కోర్టు పునరుద్ధరించినది. పెట్టుబడి కావలసిన దేశం కొంత పన్ను వదులుకొనుట రాజనీతి అని, అది మంచిదో కాదో తేల్చుట ప్రభుత్వం పని అని దాని వాదం. దీనికి ముందే, 1985లో ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను వ్యాజ్యమొకటి అదే న్యాయస్థానానికి వచ్చినది. తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్ప రెడ్డి అందులో వేరొక మాట చెప్పినారు. తెలివిగా పన్ను తప్పించుకొనువారి భారం చివరకు తప్పించుకొనలేనివారిపై పడుతుందని హెచ్చరించినారు. 2003 తీర్పు ఆ మార్గాన నడువలేదు.

గాలి తిరుగుటకు మరి పదేళ్లు పైగా పట్టినది. 2015లో విదేశాలలో దాచిన ఆస్తులపై కఠినమైన చట్టం వచ్చినది. 2016లో మారిషస్ ఒప్పందాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 తరువాత కొన్న వాటాల లాభంపై పన్ను హక్కును భారతదేశం తిరిగి పొందినది. 2018 నాటి నిబంధనలు కంపెనీ వెనుకనున్న అసలు మనిషి పేరు తెలుపవలెనన్నవి.

అయినను గోప్యత కేవలం దొంగల కోరిక కాదు. 2017లో సుప్రీం కోర్టు దానిని ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. కంపెనీల అసలు యజమానుల పేర్లు ఊరందరికీ చూపవలెనన్న యూరోపు నియమాన్ని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2022లో ఆ హక్కు పేరనే రద్దు చేసినది. ఇరుగుపొరుగు కంటికి చాటుగా ఉండుట ఒకటి; తాను వాడుకొనే రోడ్డుకు, రేవుకు, న్యాయస్థానానికి ఖర్చు పెట్టే ఖజానాకు కనబడకుండుట మరొకటి. మొదటిది మనిషికి రక్షణ. రెండవది ఆ ఖర్చును ఇతరుల నెత్తిన పెట్టుట.

పోర్ట్ లూయీలో కూలీలు దిగిన మెట్లు నేడు ప్రపంచ వారసత్వ స్థలం. తాతముత్తాతల ఊరు పేరు వెదకుకొనే మనుమలకు ఆనాటి పుస్తకాలలో అది దొరుకుతున్నది. అదే రేవు మీదుగా నడచిన సొమ్ముకు అట్టి పుస్తకం లేకపోయినది. చెమట తప్ప మరేమీ లేనివాని వివరాలన్నీ రాజ్యం వ్రాసుకున్నది. సంపద గలవానికి పేరులేకుండుటను కూడా అమ్మినది.