రెండుసార్లు కరిగిన పదార్థం

మన బల్లల మీది పలుచని తెరల కథ ఒక కారెట్ దుంపతో మొదలవుతుందంటే నవ్వకండి. 1888లో ప్రేగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కారెట్ల నుండి తీసిన కొలెస్టరాల్‌ను పరిశీలిస్తుండగా, కొలెస్టరిల్ బెంజోయేట్ అనే పదార్థం ఒక వింత చేసింది. 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి పాలవలె మసకగా మారింది. 178.5 వద్ద ఆ మసక విడిపోయి తేటపడింది. మంచుగడ్డ ఒకసారే కరుగుతుంది, ఇది రెండుసార్లు కరిగింది! మరొకరైతే మలినమేదో కలిసిందని పారబోసి ఉండేవారు. రైనిట్జర్ మాత్రం జర్మనీలోని ఒట్టో లేమన్‌కు ఉత్తరం వ్రాసి, నమూనాలు పంపాడు. పదార్థాన్ని వేడిచేస్తూనే చూడగల సూక్ష్మదర్శిని లేమన్ వద్ద ఉండేది. నీటివలె పారే ఆ ద్రవం కాంతిని మాత్రం స్ఫటికంలా మళ్ళిస్తున్నదని ఆయన గుర్తించాడు. ద్రవస్ఫటికం అన్న పేరు ఆయన చలవే. పేరులోనే వదతో వ్యాఘాతం ఉన్నందువల్లనో ఏమో, సమకాలికులు చాలామంది నమ్మలేదు.

సుమారు ఎనభై ఏళ్ళపాటు అది ప్రయోగశాలల వింతగానే మిగిలింది. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ, జార్జ్ హైల్‌మయర్ బృందం రూపొందించిన ద్రవస్ఫటికపు తెరను పత్రికలవారికి ప్రదర్శించింది. విద్యుత్తు సోకితే తేటగా ఉన్న పొర మసకబారేది, అంతే కిటుకు. అయితే ఆ సంస్థకు అన్నం పెడుతున్నవి గాజుగొట్టపు టీవీలు. తన నోట తానే మన్ను కొట్టుకుంటుందా? నాకు తోచిన కారణమిదే. హైల్‌మయర్ 1970లో ఆ సంస్థను విడిచాడు. 1973లో జపానుకు చెందిన షార్ప్ సంస్థ ఆ తెరతోనే జేబు కాలిక్యులేటరును విడుదల చేసింది. అదే ఏడు ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం, గది ఉష్ణోగ్రత వద్దనే నిలకడగా ఉండే ద్రవస్ఫటికాలను ప్రకటించింది. పొయ్యి మీద పెడితే తప్ప పనిచేయని తెర ఎవరికి కావాలి? నా దృష్టిలో అసలు మలుపు ఇది. 1988 నాటికి షార్ప్ 14 అంగుళాల రంగుల తెరను చూపింది.

మన దేశపు పాత్ర కూడా ఇందులో ఉన్నది. కడ్డీలవంటి పొడవాటి అణువులకే ఈ గుణముంటుందని అందరూ అనుకుంటున్న రోజులలో, బిళ్ళల ఆకారపు అణువులకూ ఉంటుందని 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ సహచరులతో కలిసి నిరూపించారు. (నక్షత్రాల చంద్రశేఖర్ వేరు. వీరు సి.వి. రామన్‌కు మేనల్లుడు.) ఆ పత్రం వెలువడినది మన ‘ప్రమాణ’ పత్రికలోనే. పక్కనుండి చూస్తే బొమ్మ వెలవెలబోయే జబ్బు ఈ తెరలకు చాలాకాలం ఉండేది. 1990లలో జపానువారు దానికి మందుగా తెరపై అతికించిన పలుచని పొర, ఆ బిళ్ళల అణువులతో చేసినదే.