ఇది కూడా లెక్కపెట్టండి

తలనొప్పి మధ్యాహ్నం నుంచీ ఉంది. ఇప్పుడు రాత్రి పదవుతోంది. పెనుకొండలో, కాన్పుకు వచ్చిన పుట్టింట్లో, గోడకు ఆనుకుని కూర్చున్నావు. ఎనిమిదో నెల. ట్యూబులైటు చుట్టూ వెలుగు వలయాలు. కళ్ళు నులుముకున్నా పోవడం లేదు. ధర్మవరంలో మగ్గం మీద సన్నని పట్టుపోగు తెగినా ఇట్టే పట్టేసే కళ్ళివి. ఇప్పుడు ఎదురుగా ఉన్న అమ్మ ముఖమే సరిగా ఆనడం లేదు. కుడివైపు పక్కటెముకల కింద ఒకటే నొప్పి.

"పైత్యమేమో. నిమ్మకాయ నీళ్ళు తాగి పండుకోమ్మా," అంటోంది అమ్మ.

పడుకోవాలనే ఉంది. కానీ నీ కాళ్ళ వాపు చూసిన రోజు ఆశా అక్క చెప్పిన మాట గుర్తొస్తుంది: తలనొప్పి, కండ్ల మసక కలిసి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఫోను చేస్తావు.

"108కి చెప్తాండా. కార్డు తీసి పెట్టుకో. బిన్నా!"

బండిలో చేతికి పట్టీ చుట్టారు. బిగుస్తోంది. బీపీ 170 మీద 110. గర్భిణికి 140 మీద 90 చేరితేనే ఆలోచించాలి. మాయ గర్భసంచిలో సరిగా నాటుకోనప్పుడు, ఆ చెడు తల్లి రక్తనాళాలకు పాకుతుంది. మెదడు, మూత్రపిండాలు, కాలేయం ఏవైనా దెబ్బతినవచ్చు. "గుర్రపువాతమా నాయినా?" అని జేజి గుమ్మంలోంచే అడుగుతోంది. ఎవరూ జవాబు చెప్పడం లేదు.

ఉత్తరాన ధర్మవరం. నీ భర్త అక్కడున్నాడు. దక్షిణాన హిందూపురం. ఎటు?

"హిందూపురంలో డాక్టరమ్మ, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండారంట," అంటాడు బండిలోని అన్న, ఫోను పెట్టేసి. "ఏమ్మా, పోదామా?"

భర్త రావడానికి ఇంకా ఆలస్యమవుతుంది. తల ఊపుతావు.

సోమందేపల్లి దాటారు. లైట్లు. చీకటి. మళ్ళీ లైట్లు. నాలుక మందం. వేళ్ళు అదురుతున్నాయి. అమ్మా అనబోతావు. మాట రాదు.

తలుపు తెరిచారు. స్ట్రెచరు. ఎవరో నీ పేరు పిలుస్తున్నారు.

నరంలోకి మందు. ఒళ్ళంతా వేడి. రెండు తుంట్లలోనూ లోతుగా సూదులు. మంట.

"మెగ్నీషియమమ్మా. ఫిట్స్ రాకుండా," అంటుంది నర్సు. చిన్న సుత్తితో మోకాలి మీద తడుతుంది. ఊపిరి లెక్కపెడుతుంది. మూత్రం సంచి చూస్తుంది. ఎందుకిన్నిసార్లు? మందు ఎక్కువైతే ముందు మోకాలి కదలిక ఆగిపోతుంది, ఆ తర్వాత ఊపిరికే ముప్పు. ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో మాగ్‌పై పరిశోధన తేల్చింది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులు అందులో చేరారు. ఈ రాత్రి నీ ఒంట్లోకి ఎక్కుతున్నది వాళ్ళు తేల్చి ఇచ్చిన మందు.

ఆపరేషను. ఒక ఏడుపు.

"ఆడబిడ్డ. బరువు తక్కువ. బాక్సులో పెట్టినాం."

ఆరువారాలు గడిచాయనుకో. కాగితాలు పట్టుకుని ఒకామె మీ అరుగు మీద కూర్చుంది. నీకొచ్చిన ఈ బీపీ జబ్బు మీద పరిశోధనట. ఇలాంటి పరిశోధనల్లో ఏమేం లెక్కపెట్టాలో చెప్పే పట్టిక ఒకటి ఆమె దగ్గర ఉంది. ఒక్కో పరిశోధన ఒక్కోటి లెక్కపెడితే ఫలితాలు కలిపి చూడటం కుదరదు కాబట్టి, 2020లో పలు దేశాల వైద్యులు, పరిశోధకులు, ఈ జబ్బు అనుభవించిన తల్లులు కలిసి దాన్ని ఒప్పుకున్నారు. తల్లికి 14 అంశాలు, బిడ్డకు 8. మరణం, ఫిట్స్, పక్షవాతం, చూపు పోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం. అన్నీ లెక్కపెట్టాల్సినవే. కానీ ఆ పట్టికలోని లెక్క ఆసుపత్రి గేటు దాటి నీ ఇంటిదాకా రాలేదు.

"మీకేది ముఖ్యం?" అని అడుగుతోంది ఆమె.

అమ్మ అందుకుంటుంది. "తల్లీ పిల్లా దక్కినారు. ఇంకేం కావాలమ్మా?"

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమె అదే రాసుకుని లేస్తుంది. అందుకే నోరు విప్పుతావు.

ఈ కండ్లు మళ్ళీ మగ్గానికి పనికొస్తాయా? ఆ రాత్రి కొన్ని గంటలు నాకు గుర్తే లేవు, అప్పుడేం జరిగింది? బిడ్డను ఎత్తుకునేదాకా నేను పడిన భయం ఏ గడిలో రాస్తారు? ఇంకో కాన్పుకు ఇట్లే వస్తుందా?

రావచ్చు. మొదటి నెలల్లోనే డాక్టరు సలహాతో చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ముప్పు తగ్గుతుంది. ఈ జబ్బు వచ్చిన తల్లులకు ముందుముందు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు. ఇవన్నీ శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. నువ్వు వినడం ఇదే మొదటిసారి. ఒళ్ళు మండుతుంది. మండాల్సిందే.

"మళ్ళీ చెప్పండి," అంటుంది ఆమె, పెన్ను తీసి.

"ఇంటికి పంపేనాడు మాకొక కాగితం ఇయ్యల్ల. బీపీ ఎన్నాళ్ళు చూపించుకోవల్ల, మళ్ళీ కడుపొస్తే ఎన్నో నెలలో ఎవరిని కలవల్ల, తెలుగులో రాసుండల్ల. అది ఎంతమంది చేతికొచ్చిందో లెక్కపెట్టండి. ముందు అది రాసుకోండి."