రాయి పుట్టని నేలపై చరిత్ర పాఠము

కోనసీమలో అమలాపురమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఐనవిల్లి గ్రామము కలదు. అచ్చటి సిద్ధివినాయకుని ఆలయమునకు విద్యార్థులతో ఒక ప్రత్యేక సంబంధ మున్నది. పరీక్షలకు ముందు స్వామి సన్నిధిని కలములను రాశిగా పోసి పూజించి బాలబాలికలకు పంచిపెట్టుదురు. ఆ కలము పరీక్షాపత్రమున సమాధానములు వ్రాయుటకే కాక, తమ సీమ చరిత్రను కన్నులార చూచి వ్రాసికొనుటకు కూడ పనికివచ్చినచో ఎంత బాగుండును!

విద్యార్థుల చారిత్రక యాత్ర యనగానే మనకు హంపి, అజంత, నాగార్జునకొండ స్ఫురించును. అవి చూడదగినవే. కాని దూరయాత్రకు సెలవులు కావలెను, ధనము కావలెను. ఐనవిల్లి విద్యార్థికి తన ఊరినుండి బయలుదేరి ఒక్కదినమున పోయి రాదగిన దూరములోనే రెండువేల సంవత్సరముల చరిత్ర ఉన్నది. దానిని చదువుటకు తాళపుచెవి వంటి ప్రశ్న యొకటి కలదు. ఉపాధ్యాయుడు బయలుదేరుటకు ముందే ఆ ప్రశ్నను తరగతిలో వేయవలెను: “ఐనవిల్లి పొలములో పిడికెడంత రాయి ఎవ్వరైన తేగలరా?”

పిల్లలు వెదకి వట్టిచేతులతో వత్తురు. కోనసీమ నేలలో రాయి పుట్టదు. గోదావరి పాపికొండలను దాటి రాజమహేంద్రవరము చేరి, ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ యను పాయలుగ చీలును. వసిష్ఠనుండి మరల వైనతేయము చీలును. కొండలలో వడిగా పారునపుడు నీరు బండలను సైతము దొర్లించును. మైదానమున వేగము తగ్గిన కొలదిని ముందుగా గులకరాళ్లు, పిదప ముతక ఇసుక, తుదకు మెత్తని ఒండ్రు దిగును. సముద్రమును సమీపించునప్పటికి నదిలో మిగులునది సన్నని ఇసుకయు ఒండ్రుమట్టియు మాత్రమే. కోనసీమ యంతయు ఆ మట్టితో ఏర్పడిన నేల.

ఈ సంగతి తెలిసిన పిదప గుడిలోని స్తంభమును చూచు చూపు మారిపోవును. ఈ సీమలో కనబడు ప్రతి రాయియు ఎచటినుండియో మనిషి మోసి తెచ్చినదే. ప్రతి ఇటుకయు మనిషి మట్టి పిసికి కాల్చినదే. ఎవరు తెచ్చిరి, ఎచటినుండి తెచ్చిరి, ఎవరి ధనముతో తెచ్చిరి అను ప్రశ్నలకు సమాధానములు వెదకుటయే ఇచ్చటి చరిత్ర పాఠము.

ఇటుక చెప్పు మాట

మొదటి మజిలీ ఆదుర్రు. ఐనవిల్లినుండి పి. గన్నవరము మీదుగా వైనతేయము దాటి మామిడికుదురు ప్రాంతమునకు పోవలెను. దారిలో గన్నవరమువద్ద ఆగి అక్విడక్టును చూడవలెను. ధవళేశ్వరము ఆనకట్టను 1847-1852 సంవత్సరముల నడుమ ఆర్థర్ కాటన్ నిర్మించెను. ఆ ఆనకట్టకు రాయి ధవళేశ్వరము కొండనుండియే వచ్చినది. ఆనకట్ట కాలువ నీటిని వైనతేయము మీదుగా నగరము లంకకు చేర్చుటకు 1852 ప్రాంతమున 49 ఖానాలతో, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు గల కమానులతో గన్నవరమున వంతెన వంటి కాలువ కట్టిరి. క్రింద నది, మీద కాలువ! 2000 సంవత్సరములో దాని ప్రక్కను క్రొత్త అక్విడక్టు వచ్చినది. రాయి లేని సీమకు కట్టుబడి సామగ్రి చేరుట నిన్నమొన్నటి యుగములో కూడ ఎంత పనియో విద్యార్థి ఇచ్చట గ్రహించును.

ఆదుర్రు వైనతేయపు టొడ్డున నున్న ఊరు. అచ్చట బౌద్ధస్తూపపు శిథిలములు భారత పురావస్తు శాఖ రక్షణలో నున్నవి. స్తూపపు పునాదిని బండిచక్రము ఆకారమున అమర్చిరి. ఆంధ్రదేశపు స్తూపములలో ఈ పద్ధతి పలుచోట్ల కానవచ్చును. నడుమ కుంభము, దానినుండి ఆకులవలె చుట్టునకు సాగు ఇటుకగోడలు, గోడల నడుమ మట్టి కూరుట, ఇది దాని పద్ధతి. ఇందు రెండు లాభములు కలవు. అంతయు ఇటుకతో నింపిన దానికంటె ఇటుకలు తక్కువ పట్టును. లోపలి మట్టి ప్రక్కలకు ఒరుగకుండ ఆకుగోడలు పట్టి నిలుపును. ధర్మచక్రమును తలపించు ఆకారమున యంత్రశాస్త్ర మెట్లు దాగియున్నదో చూపుటకు ఇంతకంటె మంచి నమూనా దొరకదు.

ఇచ్చట విద్యార్థులు చేయవలసిన పని ఇటుకల కొలత. క్రీస్తుశకము 3, 4 శతాబ్దుల నాటి నాగార్జునకొండ కట్టడములలో 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గల పెద్ద ఇటుకలు వాడిరి. నేటి ఇటుక పొడవు సుమారు 9 అంగుళములు. గోడలో కదలక యున్న పది ఇటుకలను కొలిచి సగటు తీసి, ఈ లెక్కలతో పోల్చి చూడవలెను. అయితే ఇటుక పెద్దదైనంత మాత్రమున కట్టడము పాతదని తీర్పు చెప్పరాదు. పాత ఇటుకలను పెరికి క్రొత్త గోడలలో వాడుట అన్ని కాలములందును జరిగినదే.

ఆదుర్రు గురించి ఒక కథ వాడుకలో నున్నది. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళమునకు పోవుచు ఇచ్చట ఆగి స్తూపమునకు పునాది వేసెనని చెప్పుదురు. ఐనవిల్లి వినాయకుని వ్యాసమహర్షి ప్రతిష్ఠించెనని స్థలపురాణము. ఇట్టి కథలను ఎగతాళి చేయరాదు. శాసనముతో సమానముగను ఎంచరాదు. విద్యార్థి తన పుస్తకమున మూడు నిలువు గళ్లు గీసికొనవలెను. మొదటిది “చూచినది”, రెండవది “విన్నది”, మూడవది “ఊహించినది”. చక్రాకారపు పునాది మొదటి గడిలోనిది. సంఘమిత్ర కథ రెండవ గడిలోనిది. నదీముఖమున నున్న ఈ స్తూపమునకు ఓడవర్తకులు దానము లిచ్చి యుందురేమో అనునది మూడవ గడిలోనిది. ఈ మూటిని కలుపకుండ వ్రాయుట నేర్చిన విద్యార్థికి శాస్త్రీయ దృష్టి సగము అబ్బినట్లే.

రాయి చెప్పు మాట

రెండవ మజిలీ ద్రాక్షారామము. ఐనవిల్లి సమీపమున ముక్తేశ్వరము రేవు కలదు. అచ్చట గౌతమిని దాటిన కోటిపల్లి, అటుపై ద్రాక్షారామము. అచ్చటి భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి. క్రీ.శ. 892లో రాజ్యమునకు వచ్చిన తూర్పుచాళుక్య భీముడు దీనిని కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. గర్భాలయము రెండంతస్తులది, లింగము పై అంతస్తువరకు ఎదిగి యుండును. ఆ ఎత్తును, ఆ గోడల బరువును చూచినపుడు మన ప్రశ్న మరల ముందుకు వచ్చును. ఇచ్చటి నేలయు ఒండ్రునేలయే. ఈ రాయి అంతయు మెట్టప్రాంతమునుండి రావలసినదే. బండ్లమీద లాగుటకంటె ఏటిమీద తెచ్చుట తేలిక గనుక, చాల భాగము నీటిదారిని వచ్చి యుండునని తలంపవచ్చును. ఈ మాటను మూడవ గడిలో వ్రాయవలెను.

ద్రాక్షారామపు అసలు సంపద దాని శాసనములు. గోడలపైనను స్తంభములపైనను వందలకొలదిగ కలవు. తెలుగు, సంస్కృతములతో పాటు తమిళ శాసనములును ఉన్నవి. వీనిలో పెక్కు 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనముల నాలుగవ సంపుటమున అచ్చయినవి. శాసనపు కాలము తెలిసికొనుట విద్యార్థులకు కష్టము గాదు. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును; మాసమును బట్టి ఒక యేడు తేడా రావచ్చును. శకవర్షము 1000 అని యున్న యెడల అది క్రీ.శ. 1078. అనగా 1070నుండి 1122 వరకు ఏలిన కులోత్తుంగ చోళుని కాలము.

ఇక శాసనములలో ఏమున్నది? యుద్ధములు, బిరుదులు మాత్రమే యనుకొన్నచో పొరపాటు. పెక్కు శాసనములు అఖండదీపమునకు చేసిన దానములు. దీపమొకటి ఎల్లకాలము వెలుగవలెనన్న నేయి కావలెను. అందుకై దాత గొఱ్ఱెలను ఇచ్చును. ఒక దీపమునకు 50 గొఱ్ఱెలు ఇచ్చుట తరచుగ కానవచ్చును. ఆ మందను ఒక కాపరికి అప్పగింతురు. అతడును అతని సంతతియు దినమునకు మానెడు నేయి చొప్పున గుడికి పోయవలెను. ఈ ఏర్పాటులో మూలధనము చెక్కుచెదరదు, మందలో పిల్లలు పుట్టుచుండును, దీపము ఆరదు. నాటి ఆర్థిక వ్యవస్థ యంతయు నాలుగు పంక్తులలో కలదు. మరియొక విశేషము: మందను కైకొన్న బోయకాపరి పేరును ఆ రాతిపై చెక్కిరి. రాజు పేరు తెలియుటకు గ్రంథములు, తామ్రశాసనములు కలవు. ఆ కాపరి ఈ లోకమున జీవించెననుటకు ఆ యొక్క పంక్తియే ఆధారము.

సముద్రముల కావల ఇట్టి నేలయే

రాయి లేని సీమ యొక్క చరిత్ర కోనసీమకు మాత్రమే చెందినది కాదు. దక్షిణ మెక్సికోలో టబాస్కో యను రాష్ట్రము కలదు. అదియు నదులు మోసితెచ్చిన ఒండ్రునేల. చిత్తడి, చెట్లు, విస్తారమైన వర్షము. 1925లో అమెరికాలోని ట్యులేన్ విశ్వవిద్యాలయము తరపున ఫ్రాన్స్ బ్లోమ్, ఆలివర్ లా ఫార్జ్ అను ఇద్దరు ఆ ప్రాంతమున పరిశోధక యాత్ర చేసిరి. లా వెంటా అనుచోట, చుట్టును చిత్తడినేల యుండగా, మట్టిలో సగము కూరుకొనియున్న బ్రహ్మాండమైన రాతి శిరస్సును చూచిరి. అది ఓల్మెక్ ప్రజల పని. లా వెంటాలో నేటివరకు అట్టి శిరస్సులు 4 బయల్పడినవి. 20 టన్నులను మించినదియు అందు కలదు. ఆ నల్లరాయి టుష్ట్‌లా కొండలది. ఆ కొండలు అచటికి 80 కిలోమీటర్లకు పైగా దూరము. బండిచక్రముగాని లాగు పశువుగాని లేని జనులు క్రీస్తుకు పూర్వము దానిని అచటికి చేర్చిరి. రాయి పుట్టనిచోట రాయి నిలువబెట్టుట అధికారమునకు చిహ్నమని పండితులు తలంతురు.

ఆ యాత్రికులే చూచిన కొమాల్కాల్కో యను మాయా నగరము మరింత ఆశ్చర్యకరము. ఇతర మాయా నగరములు రాతితో కట్టినవి. కొమాల్కాల్కో ప్రజలకు రాయి లేదు గనుక ఇటుకలు కాల్చిరి. సున్నపురాయి లేదు గనుక ఆల్చిప్పలను కాల్చి సున్నము చేసిరి. మన కోస్తాలో గుల్లసున్నము తెలిసినవారికి ఇది క్రొత్త గాదు. ఇటుకలు పచ్చిగా నున్నపుడు వానిపై జంతువులు, ఇండ్లు, అక్షరములు గీసి, ఆ బొమ్మలు గోడలోనికి మరుగుపడునట్లు పేర్చిరి. కొమాల్కాల్కో యను పేరునకు స్థానిక నాహువాతల్ భాషలో పెనముల ఇల్లు అని అర్థము. ఆ చుట్టుపట్ల నేటికిని కోకో తోటలు కలవు. మధ్య, దక్షిణ అమెరికాల కోకో మొక్క నేడు గోదావరి మండలపు కొబ్బరిచెట్ల నీడను అంతరపంటగా పెరుగుచున్నది!

ఈ రెండు సీమల ప్రజలు ఒకరి నొకరు ఎరుగరు. అయినను ఒకే విధమైన నేల ఒకే విధమైన ప్రశ్న వేసినది. ఇరువురును ఇటుకను కాల్చి, రాతిని మోసి సమాధానము చెప్పిరి. పోలిక కనబడినంత మాత్రమున ఒకరినుండి ఒకరు నేర్చిరని చెప్పరాదనుటకు ఇది మంచి నిదర్శనము.

యాత్ర పద్ధతి

ఈ యాత్రకు కావలసిన పరికరములు స్వల్పము. కొలత టేపు, టార్చిలైటు, గళ్ల కాగితము, దిక్సూచి, పుస్తకము, కలము చాలును. శాసనము అరిగిపోయినపుడు దీపమును ఎదురుగా గాక ప్రక్కనుండి ఏటవాలుగా పట్టవలెను. అక్షరముల గుంటలలో నీడ పడి, పగటి వెలుతురున కనబడని గీతలు తేలివచ్చును. అప్పుడు ఛాయాచిత్రము తీసికొనవచ్చును. శాసనముపై సుద్ద, పసుపు, నూనె పూయరాదు. తడికాగితముతో అచ్చు తీయుట శిక్షణ పొందినవారు అనుమతితో చేయవలసిన పని. ఇటుకముక్కనైనను జేబులో వేసికొని రారాదు. దొరికినచోటు తెలియని వస్తువునకు చరిత్రలో చోటు లేదు.

ఇట్టి పనికి గోదావరి తీరమున మంచి సంప్రదాయ మున్నది. 1922లోనే రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. శాసనములను వెదకి చదివి ప్రకటించుటకు ఆ మండలివారు ఊరూరు తిరిగిరి.

ఆ పని నేడు మరింత అవసరము. జీర్ణోద్ధరణ పేరిట స్తంభములకు సున్నము, రంగు, సిమెంటు పూసిన చోట అక్షరములు మూసికొనిపోవును. చెరువులు త్రవ్వు యంత్రము పాత ఇటుక దిబ్బను ఒక్కపూటలో చదును చేయగలదు. నది ఒడ్డును కోయును, లంకను ముంచును. లా వెంటాలో చమురు పనులు పెరిగినపుడు శిరస్సులను వియ్యాఎర్మోసా నగరమునకు తరలించి 1958లో ఉద్యానప్రదర్శనశాలగా నిలిపిరి. 1954-60 సంవత్సరములలో నాగార్జునకొండ లోయను జలాశయము ముంచకముందే త్రవ్వి, ముఖ్య కట్టడములను ఎత్తు ప్రదేశములకు చేర్చిరి. అవి పెద్ద ప్రయత్నములు. ఊరిగుడిలోని ఒక్క శాసనమునకు అంత ప్రయత్న మెవ్వరును చేయరు. దానిని కాపాడగలవారు ఆ ఊరి ఉపాధ్యాయులు, విద్యార్థులు మాత్రమే.

త్రవ్వకములో విగ్రహమో నాణెములో దొరికినచో 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. ఈ సంగతి ప్రతి విద్యార్థియు ఇంట చెప్పవలెను. యాత్ర ముగిసిన పిదప మూడు గళ్ల పుస్తకములను పాఠశాలలో భద్రపరచి, మరుసటి యేడు అవే స్తంభములను మరల చూడవలెను. నిరుడు చదువవచ్చిన పంక్తి ఈ యేడు సున్నము క్రింద మరుగుపడినచో, ఆ బోయకాపరి పేరు ఆ పాఠశాల పుస్తకములో నైనను మిగిలియుండును.